రాజముద్రలోని కుండ, బెజవాడలోని జెండా

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వారి కాగితం ఏదైనా చేతికి వచ్చినప్పుడు, అది కుల ధ్రువపత్రం కానివ్వండి, పొలం పట్టా కానివ్వండి, ఉద్యోగి బదిలీ ఉత్తర్వు కానివ్వండి, మన దృష్టి ముందు సంతకం మీదికీ ఆ తరువాత తేదీ మీదికీ పోతుంది. కాగితం నెత్తిన ఉన్న గుండ్రటి ముద్రను చదివే ఓపిక ఎవరికీ ఉండదు. ఒక చక్రం, నడుమ ఒక కుండ, కింద సింహాలు, సత్యమేవ జయతే. అంతే కదా అనిపిస్తుంది. కానీ ఆ కుండకు ఒక పేరుంది. ఆ పేరును పదిహేడు, పద్దెనిమిది వందల ఏళ్ళ కిందట కృష్ణ ఒడ్డున రాతి మీద చెక్కించినవాడి పేరు కూడా మనకు తెలుసు. అతడు రాజు కాడు, సేనాని కాడు, సార్థవాహుడూ కాడు. తోలుపని చేసి బ్రతికినవాడు.

ఆ కథకు ముందు ముద్ర సంగతి చూద్దాం. 1956లో ఏర్పడిన ఉమ్మడి రాష్ట్రపు చిహ్నంలోనూ పూర్ణకుంభమే ఉండేది. 2014లో రాష్ట్రం రెండయింది. రాజధాని కృష్ణా తీరానికి వచ్చింది, దానికి అమరావతి అనే పేరు పెట్టారు. 2018లో వేపచెట్టు, కృష్ణజింక, రామచిలుక, మల్లెపువ్వు రాష్ట్ర చిహ్నాలయ్యాయి. అదే ఏడాది నవంబరులో కొత్త అధికార ముద్ర వెలువడింది. అమరావతి శిల్పరీతిని అనుసరించి గీసిన ధమ్మచక్రం అది. చక్రంలో త్రిరత్న చిహ్నాలూ, ఈకల్లా చీలిన ఆకులూ ఒకదాని పక్కన ఒకటిగా అల్లుకొని ఉంటాయి, మధ్యమధ్య మణులు. మూడు వరుసల్లో పూసలు: లోపలి వరుసలో 48, నడిమి వరుసలో 118, వెలుపల 148. (ఈ లెక్క ప్రభుత్వం వారు ఇచ్చినదే, నేను కూర్చుని లెక్కపెట్టలేదు.) నట్టనడుమ కుచ్చుల హారం చుట్టిన ఘటం, దాని అడుగున జాతీయ చిహ్నమైన సింహాలు. ఆ ఘటానికి ప్రభుత్వ వివరణలో వాడిన పేరు "పునఘటకం".

ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. పూర్ణకుంభం అనలేదు, పూర్ణఘటం అనలేదు, పునఘటకం అన్నారు. అది ప్రాకృతం. అమరావతిలో దొరికిన ఒక ఫలకం మీద బ్రాహ్మీ లిపిలో సరిగ్గా ఈ మాట ఉంది. శాసనం చిన్నది, "సిధం" అని మొదలవుతుంది. చంమకారుడు, అంటే చర్మకారుడు, విధికుడు ఇచ్చిన కానుక ఇది అని చెబుతుంది. విధికుడు నాగుడనే ఉపాధ్యాయుని కొడుకు. ఒంటరిగా ఇవ్వలేదు. తల్లితోనూ, భార్యతోనూ, అన్నదమ్ములతోనూ, కొడుకు నాగునితోనూ, కూతుళ్ళతోనూ, జ్ఞాతులూ మిత్రులూ బంధువులతోనూ కలిసి ఇచ్చాడు. ఏమిచ్చాడంటే, "పునఘటకపటో". నిండుకుండ చెక్కిన పలక.

శాసనంలో అతని తండ్రికి ఉన్న బిరుదు "ఉపఝాయ". మన తెలుగు "ఒజ్జ" ఈ మాట నుంచే పుట్టింది. ఒజ్జ కొడుకు తోలుపని చేశాడు, లేదా తోలుపని చేసే ఇంట ఒకడు ఒజ్జ అయ్యాడు. ఎలా చదువుకున్నా, తరువాతి కాలపు కులధర్మం చర్మకారుణ్ణి ఊరి చివరికి నెట్టిందని తెలిసిన మనకు ఆ రెండు మాటలూ ఒకే పంక్తిలో కనబడడం ఆశ్చర్యమే. ఇంకొక ముచ్చట: విధికుని కొడుకు పేరూ నాగుడే. తాత పేరు మనవడికి పెట్టే మన ఆనవాయితీ అప్పటికే ఉందన్నమాట. కూతుళ్ళ పేర్లు మాత్రం చెక్కించలేదు. ఆ ఆనవాయితీ కూడా పాతదే కాబోలు.

అమరావతి మహాచైత్యం ఒక్క రాజు కట్టించిన కట్టడం కాదు. దానికి రాళ్ళిచ్చిన వారి జాబితా చూస్తే ఆనాటి ధాన్యకటకం అంగడివీధి కళ్ళకు కడుతుంది. గృహపతులు, వణిజులు, సుగంధద్రవ్యాలమ్మేవారు, భిక్షువులు, భిక్షుణులు, వారి శిష్యురాళ్ళు, ఇల్లాళ్ళు. ఒకరు స్తంభం ఇస్తే ఒకరు సూచి ఇచ్చారు, ఒకరు మెట్టు ఇచ్చారు. ఆ వరుసలో విధికుడు నిండుకుండ ఇచ్చాడు. ముద్రలోని బొమ్మ సరిగ్గా అతని ఫలకం మీదదే అని నేననడం లేదు. అమరావతిలో పూర్ణఘటాలు చాలా ఉన్నాయి. స్తూపపు అండం కింది భాగాన అతికించిన పలకల మీద ఉన్నాయి. చిన్న స్తూపపు బొమ్మ చెక్కినచోట ద్వారానికి ఇరువైపులా ఉన్నాయి. కానీ ఆ రూపాన్ని ఆ పేరుతో పిలిచి, రాతిమీద రాయించి మనకు అప్పగించినవాడు విధికుడు. ముద్ర వివరణలో పూసలకు లెక్క ఉంది, విధికునికి చోటు లేదు.

మనం పెళ్ళిపీటల దగ్గరా, గుడి వాకిట స్వాగతానికీ పెట్టే పూర్ణకుంభానికీ ఈ ఘటానికీ చుట్టరికం ఉన్నా, పోలిక మాత్రం తక్కువ. మన కుంభం మీద మామిడాకులూ కొబ్బరికాయా ఉంటాయి. అమరావతి ఘటంలో కొబ్బరికాయ లేదు. మూతి నుంచి తామరలు పొంగి వస్తాయి, విచ్చినవి కొన్ని, మొగ్గలు కొన్ని. ఆ కుండలో నీళ్ళున్నాయని శిల్పి చెప్పకుండానే చెబుతాడు. భార్హుత్‌లోనూ సాంచిలోనూ ఇదే రూపం ఉంది కనుక ఇది బౌద్ధులదా, అంతకు ముందరిదా అని తగువులాడుకోనక్కరలేదు. నీరు నిండిన కుండ ఎదురొస్తే శుభం అనుకునే దేశంలో అది అందరిదీ.

ఇంత అపురూపమైన కట్టడం ఏమయిందన్నది చెప్పుకోవడానికి కష్టమైన కథ. పద్దెనిమిదో శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు చింతపల్లి విడిచి కృష్ణ దాటి వచ్చి అమరావతిలో కొత్త పట్నం కట్టుకోసాగాడు. ఇటుకలు కావాలి, రాళ్ళు కావాలి. ఊరి పక్కనే దీపాలదిన్నె అని పిలిచే పెద్ద మట్టిదిబ్బ ఉంది. తవ్వారు. దాని కింద ఉన్నది మహాచైత్యమని ఎవరికీ తెలియదు. బొమ్మలున్న రాళ్ళు బయటపడుతున్నాయని విని కల్నల్ కాలిన్ మెకంజీ మొదట 1797 ప్రాంతంలో వచ్చి చూశాడు. 1816లో చిత్రకారులను వెంటబెట్టుకొని మళ్ళీ వచ్చేసరికి దిబ్బ నడిబొడ్డు చెరువులా తవ్విపోయి ఉంది. అతని మనుషులు గీసిన బొమ్మలే లేకపోతే ఈనాడు కొన్ని ఫలకాలు ఉండేవని కూడా మనకు తెలిసేది కాదు.

ఇక్కడ రాతి గుణం కూడా శత్రువయింది. ఇంగ్లీషువాళ్ళు దానిని అమరావతి పాలరాయి అన్నారు గానీ అది పల్నాటి సున్నపురాయి. ఉలికి మెత్తగా లొంగుతుంది గనుకనే అంత నాజూకైన శిల్పం వచ్చింది. కాలిస్తే మంచి సున్నం అవుతుంది గనుకనే అన్ని శిల్పాలు బట్టీల పాలయ్యాయి. కొన్ని పలకలు చెరువు మెట్లలో పడ్డాయి, కొన్ని ఇళ్ళ గోడల్లో కలిశాయి.

తప్పంతా జమీందారు నెత్తిన రుద్దడం పాతకాలపు ఇంగ్లీషు రాతలకు సులువయింది. నాకు అది సబబు అనిపించదు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసు చేరి ఏళ్ళ తరబడి ఆరుబయట ఎండకు ఎండి వానకు తడిశాయి. 1859లో ఓడెక్కి లండను వెళ్ళినవి అక్కడ మూలపడ్డాయి. 1867లో జేమ్స్ ఫెర్గుసన్ కంటబడేవరకు వాటిని పట్టించుకున్నవారు లేరు. 1880లో బ్రిటిష్ మ్యూజియం చేరాయి. అదే 1880లో మద్రాసు గవర్నరు ఉత్తర్వు మీద స్థలాన్నంతటినీ ఒక్కసారిగా తవ్వి శుభ్రం చేశారు. మరుసటేడు జేమ్స్ బర్జెస్ వచ్చి చూస్తే మిగిలింది పెద్ద గొయ్యి. ఏ పొరలో ఏది దొరికిందో రాసిపెట్టినవాడు లేడు. జమీందారుకు తెలియక జరిగింది, వీళ్ళకు తెలిసి జరిగింది.

మధ్యలో ఒక విడత రాళ్ళు బందరు కూడా వెళ్ళాయి. కలెక్టరు రాబర్ట్‌సన్ తన పేరిట కొత్తగా వెలసిన పేటకు శోభగా ఉంటాయని ముప్పైకి పైగా అమరావతి పలకలు తెప్పించి అంగడి నడుమ నిలబెట్టించాడు. ఆ పలకలు తరువాత మద్రాసుకు తరలిపోయాయి గానీ రాబర్ట్‌సన్ పేట ఇప్పటికీ మచిలీపట్నంలో ఉంది.

బందరు పేరెత్తాక పింగళి వెంకయ్య గారిని తలచుకోకుండా ముందుకు పోలేం. మన దేశంలో ఇప్పుడు రాష్ట్రాలకు ముద్రలున్నాయి, జెండాలు లేవు. జమ్మూ కాశ్మీరుకు ఉండేది, 2019లో పోయింది. కర్ణాటక 2018లో ఒకటి తయారుచేసి కేంద్రానికి పంపింది. మన రాష్ట్రానికి వేరే జెండా లేదు. అయితే దేశానికంతటికీ ఉన్న జెండా పుట్టుకలో మన డెల్టాకు వాటా ఉంది. ఆ వాటా ఎంతన్న దగ్గరే మనం కొంచెం తొందరపడతాం.

వెంకయ్య గారు 1876 ఆగస్టు 2న మచిలీపట్నం దగ్గర భట్లపెనుమర్రులో పుట్టారు. యౌవనంలో సైన్యంలో చేరి బోయరు యుద్ధానికి దక్షిణాఫ్రికా వెళ్ళారు, గాంధీతో పరిచయం అక్కడిదే. తిరిగివచ్చాక చేయని పని లేదు. జపాను భాష నేర్చి జపాను వెంకయ్య అయ్యారు. కంబోడియా పత్తి మీద పరిశోధన చేసి పత్తి వెంకయ్య అయ్యారు. భూగర్భశాస్త్రం చదివి వజ్రాల వెంకయ్య అయ్యారు. బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో పాఠాలు చెప్పారు. 1916లో భారతదేశానికొక జాతీయ పతాకం కావాలంటూ ఇంగ్లీషులో ఒక చిన్న పుస్తకం వేశారు. అందులో తాము ఊహించిన నమూనాలు ముప్పై. ఆ పుస్తకం చంకన పెట్టుకొని ప్రతి కాంగ్రెసు మహాసభకూ వెళ్ళేవారు.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెసు సంఘం బెజవాడలో కూడింది. కోటి రూపాయల తిలక్ స్వరాజ్య నిధి, కోటిమంది సభ్యులు, 20 లక్షల రాట్నాలు అన్న తీర్మానం ఇక్కడిదే. జెండాను ఆ సభ ఆమోదించిందని మనం చదువుకుంటూ వచ్చాం, విగ్రహాల కింద చెక్కుతూ వచ్చాం. ఏం జరిగిందో గాంధీయే ఆ నెల 13న యంగ్ ఇండియాలో రాశారు. వెంకయ్య గారి పట్టుదలను మెచ్చుకున్నారు గానీ ఆయన నమూనాలేవీ తమను కదిలించలేదని మొహమాటం లేకుండా చెప్పారు. జెండా మీద రాట్నం ఉండాలన్న సూచన పంజాబువాడైన జలంధర్ లాలా హంసరాజ్‌ది. బెజవాడలో గాంధీ వెంకయ్య గారిని పిలిచి ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద రాట్నం ఉండేలా ఒక జెండా గీసి ఇమ్మన్నారు. ఆయన మూడు గంటల్లో తెచ్చి ఇచ్చారు. అప్పటికే ఆలస్యమై సభ ముందు పెట్టడం కుదరలేదు. అలా కుదరకపోవడం మంచిదే అయిందని గాంధీ రాశారు. హిందువులకు ఎరుపు, ముసల్మానులకు ఆకుపచ్చ సరే, తక్కిన మతాలవారి సంగతేమిటని తరువాత తోచి తెలుపు చేర్చమన్నారట. అలా పైన తెలుపు, నడుమ ఆకుపచ్చ, కింద ఎరుపు, మూడింటి మీదుగా రాట్నం ఉన్న జెండా వచ్చింది. ఏ తీర్మానమూ లేకుండానే అది దేశమంతా ఎగిరింది. 1923లో నాగపూరులో దానికోసం వందలమంది జైలుకు వెళ్ళారు.

ఇలా చెబితే వెంకయ్య గారి ఘనత తగ్గుతుందని కొందరు నొచ్చుకుంటారు. నాకు అలా అనిపించదు. ఎవరికీ పట్టని విషయాన్ని ఏళ్ళ తరబడి ఒక్కడే మోసినవాడు, తన ముప్పై నమూనాలనూ పక్కనపెట్టి ఇతరుల ఆలోచనను మూడు గంటల్లో గుడ్డ మీదికి తెచ్చిపెట్టాడు. ఆ మూడు గంటలకు నేను ముప్పై నమూనాలకన్నా ఎక్కువ విలువ ఇస్తాను. ఇప్పటి జెండాను యథాతథంగా ఆయనే గీశారనడం మాత్రం నిజం కాదు. ఆ మాట ఆయనకు అవసరమూ లేదు.

ఎందుకంటే జెండా తరువాత కూడా మారింది. మతానికొక రంగు అన్న లెక్క తగువులకు దారితీసింది. తమ రంగు ఏదని సిక్కులు అడిగారు. 1931లో కరాచీలో ఏడుగురితో ఒక సంఘం వేశారు. దాని కన్వీనరు మరో బందరు వాడు, భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు. ఆ సంఘం అసలు మూడు రంగులే వద్దంది, జెండా అంతా ఒకే కేసరి రంగు, దాని మీద రాట్నం అని సిఫారసు చేసింది. ఆ మాట నెగ్గి ఉంటే ఈ రోజు మన జెండా ఎలా ఉండేదో ఊహించుకోండి! ఆగస్టులో బొంబాయిలో కాంగ్రెసు సంఘం దానిని తోసిపుచ్చి కేసరి, తెలుపు, ఆకుపచ్చ వరుసను ఖాయం చేసింది. రంగులకు మతార్థం లేదని కూడా అప్పుడే ప్రకటించింది. 1947 జూలై 22న రాజ్యాంగ సభ రాట్నం స్థానంలో సారనాథ్ అశోక స్తంభపు చక్రాన్ని పెట్టింది. ఆ చివరి రూపుదిద్దడంలో సురయ్యా త్యాబ్జీ పేరు కూడా వినిపిస్తుంది. రాట్నం పోవడం గాంధీకి రుచించలేదు.

ఆ విధంగా జెండా మీదికి బౌద్ధ చక్రం వచ్చింది. డెబ్బై ఒక్క ఏళ్ళ తరువాత రాష్ట్ర ముద్రలోకి మరో బౌద్ధ చక్రం వచ్చింది. మొదటిది సారనాథ్‌ది, రాజు నిలబెట్టిన స్తంభం మీదిది. రెండవది అమరావతిది, ఊరి జనం తలా ఒక రాయి ఇచ్చుకున్న చోటిది.

వెంకయ్య గారు 1963 జూలై 4న విజయవాడలో బీదరికంలోనే కన్నుమూశారు. ఆయన బొమ్మతో తపాలా బిళ్ళ 2009లో వచ్చింది.

చిహ్నాల తగువులు ఆగిపోయాయని కాదు. తెలంగాణ 2014లో కాకతీయ తోరణాన్నీ చార్మినారునూ కలిపి ముద్ర చేసుకుంది. 2024లో కొత్త ప్రభుత్వం దానిని మార్చాలని చూస్తే ఓరుగల్లులోనూ హైదరాబాదులోనూ నిరసనలు రేగి, పని వాయిదా పడింది. రాజుల గుర్తులు ఎందుకన్నది ఒకరి వాదం, అవి ప్రజల గుర్తులైపోయాయన్నది ఇంకొకరి వాదం. మన దగ్గర మరో విడ్డూరం: 2020లో మూడు రాజధానుల చట్టం చేసిన ఉత్తర్వుల మీదా, దానికి ఎదురు నిలిచిన రైతులకు పంపిన తాఖీదుల మీదా నెత్తిన ఉన్నది ఆ అమరావతి చక్రమే, ఆ పునఘటకమే.

ఈ రెండు కథలూ ఒకచోట కలిసే భవనం ఒకటి విజయవాడలో ఉంది. బందరు రోడ్డు మీది విక్టోరియా జూబిలీ మ్యూజియం. దానికి 1887లో పునాదిరాయి వేసినవాడు రాబర్ట్ సెవెల్. విజయనగర చరిత్ర రాసినవాడిగా మనకు తెలిసిన సెవెలే, 1877లో దీపాలదిన్నె తవ్వి నివేదిక రాసినవాడు కూడా అతడే. 1921లో వెంకయ్య గారు గాంధీకి జెండా అందించింది ఈ భవనంలోనే అని ఊళ్ళో చెప్పుకుంటారు. తరువాత దానికి బాపు మ్యూజియం అని పేరు పెట్టారు. మరమ్మతులు చేసి 2020 అక్టోబరులో మళ్ళీ తెరిచారు. లోపల బౌద్ధ శిల్పాలున్నాయి. పునఘటకాన్ని రాతి మీద చూడాలంటే మాత్రం కృష్ణ దాటి అమరావతి మ్యూజియంకు వెళ్ళాలి, లేదా చెన్నై ఎగ్మూరుకు, లేదా లండనుకు. అమరావతికి బస్సులున్నాయి.